కుంకుమ బొట్టు కింద ఎర్ర లైటు

మా తాతయ్య అమ్మిరాజు గారికి ఎడమ చెవి వినపడదు. ఈ సంగతి ఆయనకు తప్ప ఊరందరికీ తెలుసు. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి వెళ్ళే పంటు మీద ఆయన ముప్ఫై ఏళ్ళు ఇంజను పక్కన నిలబడ్డాడు. మనుషులు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల వ్యాన్లు, ఒక్కోసారి పెళ్ళి బస్సు, అన్నీ ఆ పంటు మీదే గోదావరి దాటేవి. ఇంజను ఎప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే ఉండేది. ఆ మోత మొత్తం ఆ చెవే తాగేసింది. ఎడమవైపు కూర్చుని మేం ఏదైనా అడిగితే ఆవలి ఒడ్డు చూస్తున్నట్టు దూరంగా ఓ చూపు చూసి ఊరుకుంటాడు. కుడివైపుకి వచ్చి "వినపడలేదా తాతయ్యా?" అంటే, "వినపడింది. జవాబు చెప్పేంత విషయం కాదని ఊరుకున్నాను" అంటాడు.

ఆయనకూ మా అమ్మమ్మ తమ్ముడు బుజ్జిబాబు తాతయ్యకూ మాటలు లేవు. దానికి కారణం ఒక విస్తరి.

పదేళ్ళ కిందట సఖినేటిపల్లిలో బుజ్జిబాబు తాతయ్య కూతురు లక్ష్మి పిన్ని పెళ్ళి జరిగింది. మా వైపు విస్తరి వేశారు కదా అని ఎవరూ పోయి కూర్చోరు. ఇంటివాళ్ళు మనిషి దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, వరస పెట్టి పిలిచి "భోజనానికి లేవండి" అనాలి. పిలిచేది బావగారినైతే ఇంకాస్త వంగి అనాలి. తనను అలా పిలవలేదని తాతయ్య ఆ రోజు మెతుకు ముట్టకుండా పంటెక్కి వచ్చేశాడు. వచ్చి నరసాపురం బస్టాండులో ఇడ్లీలు తిన్నాడని అమ్మమ్మకు ఎవరో చెప్పారు. ఆమెకు అదే ఎక్కువ అవమానం.

"మూడుసార్లు పిలిచానక్కా. మొహం మీదే వద్దన్నాడు" అంటాడు బుజ్జిబాబు తాతయ్య.

"ఒక్కసారి కూడా పిలవలేదు" అంటాడు మా తాతయ్య.

"వాడు పిలిచే ఉంటాడు. ఈయనకి వినపడి ఉండదు" అంటుంది మా అమ్మమ్మ వీరవేణి. ముగ్గురి మాటల్లో తాతయ్యకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

ఆ పెళ్ళి వీడియో తీసింది పాలకొల్లులో శరత్‌చంద్ర గారి స్టూడియో. వాళ్ళిచ్చిన డీవీడీలో భోజనాల ముక్క లేదు. అక్కడ ఎవరిదో పాట పెట్టి, పూలు రాలుతున్నట్టు చూపించి, అప్పగింతల్లోకి దూకేశారు. కత్తిరించకముందు తీసినదంతా స్టూడియోలోనే భద్రంగా ఉందని తాతయ్యకు ఎలాగో తెలిసింది. పంటు ఉద్యోగం అయిపోగానే ఆ స్టూడియోలో కాపలా పనికి చేరాడు. ఇంట్లో మాత్రం, ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయి అని చెప్పాడు.

ఇంటరులో లెక్కలు నన్ను రెండుసార్లు వద్దన్నాక నేనూ అక్కడే చేరాను. పెళ్ళికూతుళ్ళ ఫోటోల్లో మొటిమలు తీసేయడం నా పని. తాతయ్యకు నా పని మీద గౌరవం లేదు. "ఉన్న మొహం ఉన్నట్టు చూపించడానికి కదే ఫోటో?" అంటాడు. తన సాక్ష్యం ఎక్కడ మొటిమతో పాటు పోతుందో అని ఆయన భయం.

శరత్‌ గారు మంచివాడే గాని ఆయనకు తీరిక ఉండదు. తాతయ్య వీడియో సంగతి ఎత్తినప్పుడల్లా "మూఢం రానివ్వండి తాతగారూ, పెళ్ళిళ్ళుండవు, వెతికి పెడతాను" అనేవాడు. మూఢం వచ్చేది. శరత్‌ గారు కుటుంబంతో తిరుపతి వెళ్ళేవాడు. మూఢం పోయేది.

ఆ పాత వీడియోలన్నీ ఉన్నది స్టూడియో వెనక గదిలో ఉన్న సర్వర్‌లో. చూడ్డానికి ఇనప బీరువాలోంచి ఊడదీసిన సొరుగులా ఉంటుంది. అది ఒక్క యంత్రమే గాని లోపల నాలుగు కంప్యూటర్లు ఉన్నట్టు నడుస్తుంది. ఒకటి ఎడిటింగుకి, ఒకటి మా ఆల్బమ్‌లకి, ఒకటి బిల్లులకి, ఒకటి పాత పెళ్ళిళ్ళకి. ఒకే డాబాను నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చినట్టన్నమాట. ఎవరి వాటా వాళ్ళకు సొంత ఇల్లే. పైన శ్లాబు కారుతున్నా తమ గదిలో చుక్క పడేదాకా వాళ్ళకు తెలియదు. ఆ శ్లాబే లోపలున్న నాలుగు డిస్కులు. ఒకటి పోతే మిగతా మూడూ ఎలాగో నెట్టుకొస్తాయి. రెండు పోయాయో, నాలుగు వాటాలూ కూలినట్టే.

ఆ డిస్కుల బాగోగులు చూడ్డానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. రాజమండ్రి నుంచి వచ్చి ఇదంతా బిగించిన విజయ్ పాల్ గారే దాన్నీ ఎక్కించాడు. అయితే దానికో లోటుంది. అది కూర్చునేది సర్వర్ మీద, కాని అక్కడ దానికి తెర లేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే వైరు మీదుగా పక్క బల్ల మీదున్న పాత పీసీకి చెబుతుంది. ఆ పీసీ వెలిగి, అందులో లాగిన్ అయి ఉంటేనే హెచ్చరిక కనిపిస్తుంది. వాటాల్లో ఉన్న మా కంప్యూటర్లతో అది మాట్లాడదు. డిస్కు పోతే సర్వర్ తనంతట తాను కూయాలి గాని, ఆ కూతను శరత్‌ గారే ఆపించేశాడు. ఒకసారి అది కూసిన కూత పక్క గదిలో రికార్డవుతున్న వ్యాఖ్యానంలో పడి, తాళి కడుతుంటే అంబులెన్సు వచ్చినట్టుందని పెళ్ళివారు గొడవ చేశారు.

తాతయ్య ఆ గదికి ఇంజను గది అని పేరు పెట్టాడు. ఏసీ ఉంది కాబట్టి ఆయన తమలపాకులు అక్కడే ఉంటాయి. పంటు మీద నేర్చుకున్న పద్ధతులన్నీ అక్కడ నడుపుతాడు. అందులో మొదటిది, పని లేని ఇంజను తిరగకూడదు. ఒడ్డు చేరగానే ఆపేయాలి, డీజిలు మిగలాలి. సర్వర్ జోలికి వెళ్ళొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి వెళ్ళడు. పక్కన పాత పీసీ మాత్రం ఎవరూ ముట్టకుండా నల్ల తెరతో ఊరికే గుర్రుమంటూ ఉండటం ఆయన చూశాడు. మొదటి వారంలోనే ఆపేశాడు. ఎవరైనా వేస్తే మళ్ళీ ఆపేశాడు. ఆ నెల కరెంటు బిల్లు చూసి శరత్‌ గారు "తాతగారు వచ్చాక పొదుపు వచ్చిందండి" అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఇంక ఆ పీసీని వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రెండో పద్ధతి దసరా పూజ. పంటు ఇంజనుకు ఏటా ఆయనే పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టేవాడు. కిందటి దసరాకు ఇంజను గదిలోనూ అదే చేశాడు. సర్వర్ ముందువైపు ఒక్కో డిస్కుకూ ఒక్కో చిన్న పచ్చ లైటు ఉంది. బొట్టు పెట్టడానికి అంతకన్నా మంచి చోటు ఆయనకు కనిపించలేదు. పసుపు తడిపి, కుంకుమ అద్ది, నాలుగు లైట్ల మీదా నాలుగు బొట్లు చక్కగా పెట్టాడు. పాల కోవా పంచాడు. నేను రెండు తిన్నాను.

కార్తీకంలో బుజ్జిబాబు తాతయ్య గృహప్రవేశం కుదిరింది. కార్డు పట్టుకుని స్వయంగా మా ఇంటికొచ్చాడు. ఆయన గుమ్మంలోకి రాగానే మా తాతయ్య దొడ్లోకి వెళ్ళిపోయాడు.

"కార్డు ఇచ్చి వెళ్ళాడు. మీ చేతికే ఇద్దామని చాలాసేపు కూర్చున్నాడండీ" అంది అమ్మమ్మ తర్వాత.

"నా చేతికి ఇవ్వలేదుగా."

"మీరు దొడ్లో దాక్కుంటే ఎలా ఇస్తాడు?"

"దాక్కోవడమేంటి? కొబ్బరి చెట్టుకి పురుగు పట్టిందేమోనని చూస్తున్నాను."

"అంతసేపా?"

"పొడుగు చెట్టు."

అమ్మమ్మ కార్డు తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టింది. "ఇదిగో చెప్తున్నాను. పదేళ్ళు ప్రతి శుభకార్యానికీ నేనొక్కదాన్నే వెళ్ళాను. వెళ్ళిన ప్రతిచోటా మీ ఆయన రాలేదేం అని అడిగితే జ్వరమని చెప్పాను. మీకు ఇన్ని జ్వరాలొస్తే ఈపాటికి పోయుండాలి. ఈసారి మీరు రాకపోతే నేను వెళ్ళి తిరిగి రాను. వాడి కొత్తింట్లో గదులు బోలెడున్నాయి."

తాతయ్య నా వైపు తిరిగాడు. "ఆ వీడియో బయటికి తీయించవే. అందులో వాడు నన్ను పిలిచినట్టుంటే వాడి గృహప్రవేశానికి వెళ్ళి, వాడి ఇంట్లో ఎంగిలి విస్తళ్ళు నేనే ఎత్తుతాను. పిలిచినట్టు లేకపోతే మీ అమ్మమ్మ ఇంకెప్పుడూ నా చెవి మాట ఎత్తకూడదు."

"సరే" అంది అమ్మమ్మ. అంత తొందరగా ఒప్పుకున్నందుకు తాతయ్యకు కాస్త భయం వేసినట్టుంది.

మర్నాడు శరత్‌ గారిని పట్టుకున్నాం. తిరుపతి వెళ్ళే సమయం కాదు కాబట్టి ఆయన తప్పించుకోలేకపోయాడు. పాత పెళ్ళిళ్ళ వాటా తెరిచాడు. లక్ష్మి పిన్ని పెళ్ళి ఫోల్డరు పేరు కనిపించింది. నొక్కితే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. ఈలోగా ఎడిటింగు గదిలోంచి కేకలు, అక్కడ తెర బిగుసుకుపోయింది. నా ఆల్బమ్‌లో ఒక పెళ్ళికూతురు సగం మొటిమలతో ఆగిపోయింది. బిల్లుల కంప్యూటరూ పడుకుంది. శరత్‌ గారు విజయ్ పాల్ గారికి ఫోన్ చేశాడు.

ఆయన మధ్యాహ్నానికి రాజమండ్రి నుంచి బండి మీద వచ్చాడు. ఎర్రటి ఎండలో వచ్చిన మనిషి, మంచినీళ్ళు తాగి నేరుగా పాత పీసీ దగ్గరికెళ్ళాడు.

"ఇది ఆపేసి ఉందేంటండి?"

అందరం తాతయ్య వైపు చూశాం. ఆయన పీసీ వేశాడు, సాఫ్ట్‌వేర్ తెరిచాడు. తెర మీద ఒక దాని కింద ఒకటి ఎర్ర వరసలు రావడం మొదలైంది. అవి వస్తూనే ఉన్నాయి.

"మూడో డిస్కు దసరా వెళ్ళిన వారానికే పోయిందండి. రెండోది ఇప్పుడు మూలుగుతోంది. లైటు చూస్తే తెలిసిపోయేది కదా, ఎవరూ చూడలేదా?" అంటూ సర్వర్ ముందుకెళ్ళి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. "శరత్‌ గారూ, నాలుగూ ఎర్రగా ఉన్నాయేంటండీ?"

"బొట్లండి" అన్నాడు తాతయ్య. "దసరాకి పెట్టాను."

విజయ్ పాల్ గారు జేబురుమాలు తడిపి ఒక్కో బొట్టూ తుడిచాడు. మొదటిది పచ్చ. రెండోది పసుపు రంగులో కొట్టుకుంటోంది. మూడో బొట్టు తుడిచాడు, కింద ఎర్రగానే ఉంది. ఇంకా తుడిచాడు. రుమాలు ఎర్రబడింది గాని లైటు రంగు మారలేదు.

"ఈ ఎరుపు మాత్రం నాది కాదు" అన్నాడు తాతయ్య.

శరత్‌ గారికి చిర్రెత్తింది. కోపం తాతయ్య మీద చూపలేక విజయ్ పాల్ గారి మీద చూపించాడు. "ఇంత సాఫ్ట్‌వేర్ పెట్టించాను. డిస్కు పోయిన సంగతి చెప్పలేదేంటండి?"

"చెప్పిందండి. కిందటి నెల నుంచి చెబుతూనే ఉంది. వినడానికి ఈ పీసీ లేదు."

"మా కంప్యూటర్లకి చెప్పొచ్చుగా?"

"అవి దాని మీద అద్దెకుండేవండి. డిస్కులు ఎలా ఉన్నాయో వాటికి కనపడదు. సర్వర్ మీద పెట్టే ఈ రకం సాఫ్ట్‌వేర్‌తో ఇదే చిక్కు. గుండె చూస్తుంది గాని, చెప్పాలంటే ఇంకో మనిషి మేలుకుని ఉండాలి. కూత ఉండేది, అది మీరే ఆపించారు."

తాతయ్య కుడి చెవి ఒగ్గి అంతా విన్నాడు. "అంటే నోరు ఒక ఒడ్డున, చెవి ఇంకో ఒడ్డున పెట్టారన్నమాట. అలాగైతే ఎలాగయ్యా?"

"మధ్యలో పంటుందండి. దాన్ని మీరు ఆపేశారు" అన్నాడు విజయ్ పాల్ గారు చాలా మర్యాదగా.

తాతయ్య తమలపాకుల పొట్లం తీసి చంకలో పెట్టుకున్నాడు, ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడేమో.

విజయ్ పాల్ గారు చెప్పింది ఇది. పోయినదాని బదులు కొత్త డిస్కు ఇప్పుడే పెడితే, అది నిండేదాకా మిగతా మూడూ ఆగకుండా పనిచేయాలి. ఆ శ్రమకు రెండోది పోవచ్చు. పోతే అన్నీ పోయినట్టే. కాబట్టి ముందు ముఖ్యమైనవన్నీ మెల్లగా బయటికి లాగేసుకోవాలి. ఎంత వరకు వస్తాయో చెప్పలేం. ఏది ముందో, ఏది తర్వాతో తేల్చుకోండి అన్నాడు.

శరత్‌ గారు తల పట్టుకున్నాడు. ఈ సీజను పెళ్ళిళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, పార్టీలు రోజూ ఫోన్లు చేస్తున్నారు. ఆయన తాతయ్య వైపు చూశాడు. "తాతగారూ, మీది కూడా ముందే..."

"వద్దు బాబూ. వాళ్ళవి ముందు లాగండి. బొట్లు పెట్టింది నేనూ, పంటు ఆపింది నేనూ. మా పెళ్ళి ఆఖర్న వెయ్యండి."

ఆయన నోట "నేను" అన్న మాట తప్పు పక్కన రావడం నేను పుట్టాక మొదటిసారి విన్నాను. అమ్మమ్మ ఉంటే రెండోసారి చెప్పించుకునేది.

మర్నాడు పొద్దున్న కూడా కాపీ నడుస్తూనే ఉంది. తాతయ్య స్టూలు వేసుకుని తెర మీద పచ్చ గీత ముందు కూర్చున్నాడు. అది సాగుతూ సాగుతూ ఆగేది. "పాడు గీత, ఆవలి ఒడ్డు కనపడేదాకా వచ్చి ఆగిపోతుందేంటే? ఇసక మేట వేసిందా?" అనేవాడు. సీజను పెళ్ళిళ్ళన్నీ బయటపడ్డాయి. శరత్‌ గారు అందరికీ టీలు తెప్పించాడు. ఆఖర్న లక్ష్మి పిన్ని పెళ్ళి మొదలైంది. సగంలో గీత ఆగిపోయింది. విజయ్ పాల్ గారు ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆగింది. తాతయ్య స్టూలు మీంచి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చదవలేని ముక్కలు వదిలేసి మిగతావి లాగమని విజయ్ పాల్ గారు ఇంకేదో నొక్కాడు. రెండో డిస్కు లైటు ఎర్రబడి ఆరిపోయింది.

"పోయిందండి" అన్నాడు విజయ్ పాల్ గారు.

"అంతా?" అన్నాడు తాతయ్య, గోడ వైపే చూస్తూ.

"లేదండి. కొంత వచ్చింది. ముహూర్తం రాలేదు. తలంబ్రాలు రాలేదు. భోజనాలు వచ్చాయి."

తాళి కట్టిన ముక్క పోయి పప్పు వడ్డించిన ముక్క దక్కిన పెళ్ళి మా పిన్నిది ఒక్కటే అయ్యుంటుంది. తాళి కట్టింది అప్పట్లో ఇచ్చిన డీవీడీలో ఉందిలే అని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అప్పటికే అమ్మమ్మ క్యారేజీతో వచ్చింది. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. నేను వీడియో వేశాను.

షామియానా కింద తాతయ్య. జుట్టు నల్లగా ఉంది. సన్నాయి మేళం సరిగ్గా ఆయన ముందే, డోలు చప్పుడుకు మా స్పీకర్లు అదురుతున్నాయి. ఎడమవైపు నుంచి బుజ్జిబాబు తాతయ్య వచ్చాడు, వంగాడు, ఏదో అన్నాడు. మా తాతయ్య డోలు వాయించేవాడి చేతులే చూస్తున్నాడు. బుజ్జిబాబు తాతయ్య వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు, అటువైపే. మళ్ళీ వంగాడు. మా తాతయ్య తల ఊపుతున్నాడు, కాకపోతే తాళానికి.

అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "అది ఏ చెవండీ?"

"ఉండవే, అవ్వనీ."

మూడోసారి బుజ్జిబాబు తాతయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతులు రెండూ జోడించాడు. నోరు కదిలింది. మేళం హోరులో ఒక్క అక్షరం వినపడలేదు. ఈసారి మా తాతయ్య ఆయన్ని చూశాడు. మొహమంతా నవ్వు చేసుకుని, కుర్చీలోంచి సగం లేచి, తానూ చేతులు జోడించాడు. నిండుగా, ఎంతో మర్యాదగా దండం పెట్టాడు. పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు.

బుజ్జిబాబు తాతయ్య ఆ జోడించిన చేతులకేసి కాసేపు చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

విజయ్ పాల్ గారు వైర్లు చుట్టుకుంటూ అటు తిరిగాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"దండం పెట్టాడనుకున్నాను" అన్నాడు తాతయ్య. "పెద్దవాణ్ణి కదా, దండం పెట్టాడు, నేనూ పెట్టాను."

"వాడేమో మీరు చేతులెత్తి వద్దన్నారనుకున్నాడు" అంది అమ్మమ్మ. ఆమె నవ్వుతుందనుకున్నాను. కొంగుతో తాతయ్య చెంప మీద తమలపాకు మరక తుడిచి, క్యారేజీ విప్పింది. "తినండి. పొద్దున్నుంచి ఏమీ తినుండరు."

"ఇంకోసారి వెయ్యవే" అన్నాడు తాతయ్య నాతో. మళ్ళీ వేశాను. ఈసారి ఆయన తన మొహం చూడలేదు, బుజ్జిబాబు తాతయ్య మొహమే చూశాడు.

శరత్‌ గారు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు. కొత్త డిస్కులొచ్చాయి, కూత మళ్ళీ పెట్టించారు, పాత పీసీకి తాతయ్యనే కాపలా పెట్టారు. ఇప్పుడు ఎవరైనా దాని స్విచ్చు దగ్గర చెయ్యి పెడితే నడి గోదావరిలో ఇంజను ఆపినట్టు అరుస్తాడు.

గృహప్రవేశం నాడు తాతయ్యా అమ్మమ్మా నరసాపురం రేవులో పంటెక్కారు, వెనక నేను. ఇంజను దగ్గర కొత్త కుర్రాడున్నాడు. తాతయ్య వాడికి అవసరం లేని సలహాలు చాలా ఇచ్చాడు. సఖినేటిపల్లిలో దిగి కొత్తింటికి చేరేసరికి మొదటి బంతి లేస్తోంది. నేను చెప్పులు విప్పేలోపల తాతయ్య పంచె ఎగ్గట్టి, తువ్వాలు నడుముకు చుట్టి, ఎంగిలి విస్తళ్ళు మడిచి ఎత్తడం మొదలుపెట్టాడు. జనం బిత్తరపోయి చూశారు. పదేళ్ళు అలిగిన బావగారు వచ్చీ రాగానే విస్తళ్ళెత్తడం ఏ రకం అలకో ఎవరికీ అర్థం కాలేదు.

బుజ్జిబాబు తాతయ్య పరుగెత్తుకొచ్చాడు. "బావగారూ! ఏంటండీ ఈ పని? అక్కా, చూడవే!"

"పందెం ఓడిపోయాను. వదలరా."

"నేను వదలనండి!"

విస్తరిని చెరో పక్కా పట్టుకుని లాగారు. చివరికి అది రెండుగా చిరిగి, పెరుగన్నం ఇద్దరి పంచెల మీదా పడ్డాక తాతయ్య వదిలాడు. అమ్మమ్మ తమ్ముణ్ణి పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆయన వింటూ వింటూ నోరు తెరిచాడు. తర్వాత తాతయ్యకు చేతులు కడిగించి, తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చాడు. చేతులు మాత్రం జోడించలేదు, వెనక్కి పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి, రేవు దాకా వినపడేలా పిలిచాడు.

"బావగారూ! భోజనానికి లేవండి!"

తాతయ్య ఉలిక్కిపడి లేచాడు. కుడి చెవి రుద్దుకుంటూ విస్తరి వైపు నడిచాడు.

"ఏంట్రా ఆ అరుపు? నాకేమన్నా చెవుడా?"